‘పది లక్షల గుర్రప్పిల్ల రెండేళ్లకు కోటి’: ఒక సందేశానికి ఖండన

ఒంగోలు, కందుకూరు, కావలి వైపు రైతుల వాట్సాప్ బృందాలలో కొన్ని వారాలుగా ఒక సందేశం తిరుగుతున్నది. దాని సారాంశం ఇది: ‘మన నెల్లూరు ఆవు బ్రెజిల్ వేలంలో 40 కోట్లు పలికింది. ఆవుకే అంత ధర ఉంటే రేసు గుర్రం సంగతి చెప్పాలా? ఏడాది వయసున్న మేలుజాతి గుర్రప్పిల్లను వేలంలో పది లక్షలకు కొనండి, రెండేళ్లలో కోటి అవుతుంది. డెర్బీ అనే పెద్ద పందెం గెలిచిన గుర్రాల తమ్ముళ్లే వేలానికి వస్తాయి. డాక్టరు పరీక్ష ఉంటుంది కనుక మోసం ఉండదు. గెలవకపోయినా పిల్లల మీద ఆదాయం, నష్టం వస్తే పన్నులో తగ్గింపు. సుప్రీంకోర్టే ఇది జూదం కాదన్నది. ముందుగా 25 వేలు కట్టినవారికి వాటా ఖాయం.’

నేను పశువైద్యుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. నా సర్వీసులో ఎక్కువ భాగం ఒంగోలు పశువులతోనే గడిచినా, కొంతకాలం పందెపు గుర్రాలను దగ్గరగా చూసే అవకాశం కలిగింది. ఈ సందేశాన్ని నేను పట్టించుకునేవాణ్ణి కాదు. కానీ కొత్తపట్నం దగ్గర రొయ్యల చెరువులు చేసే ఒక పరిచయస్థుడు ఇంటికి వచ్చి, ‘డాక్టరుగారూ, ఈ పంటలో నాలుగు డబ్బులు మిగిలినాయి, మనమూ ఒక పిల్లను పాడుకుందామా?’ అని నిజంగానే అడిగాడు. అతనికి నోటితో చెప్పిన సమాధానాన్ని ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఆవు సంగతి చూద్దాం. బ్రెజిల్‌లోని వియాటినా-19 అనే ఆవు మన ఒంగోలు జాతి సంతతిదే, అక్కడ ఆ జాతిని నెలోరి అంటారు, అందులో అబద్ధం లేదు. అయితే 2023 వేలంలో అమ్ముడుపోయినది ఆ ఆవులో మూడో వంతు వాటా మాత్రమే, దానికి పలికిన ధర దాదాపు 14 లక్షల డాలర్లు, అంటే అప్పటి మారకంలో 12 కోట్ల రూపాయలకు దగ్గర. ఆ మొత్తాన్ని మూడింతలు చేసి ఆవు విలువగా లెక్కకట్టారు, మన దగ్గరకు వచ్చేసరికి ఆ లెక్క కాస్తా 40 కోట్ల నగదు అమ్మకమై కూర్చున్నది. అంతకంటే ముఖ్యమైన విషయం, ఆ కొనుగోలుదారు డబ్బు పెట్టినది కళ్లెదుట పెరిగిన, ప్రదర్శనలలో నెగ్గిన ఆవు మీద. దాని అండాలను సేకరించి, పిండాలుగా మార్చి, మామూలు ఆవుల గర్భాలలో పెట్టి ఏడాదికి ఎన్నో దూడలను పొందవచ్చు.

గుర్రాల విషయంలో ఆ దారి మూసి ఉన్నది. పందెపు గుర్రాల జాతి అయిన థరోబ్రెడ్‌కు వంశావళి గ్రంథమే ప్రాణం. ఇంగ్లండులో 1791లో మొదలైన ఆ నమోదు పద్ధతినే ఇతర దేశాలూ అనుసరిస్తున్నాయి, మన దేశానికీ స్టడ్ బుక్ అనే ప్రత్యేక వంశావళి గ్రంథం ఉన్నది. కృత్రిమ గర్భధారణ ద్వారా గానీ, పిండ మార్పిడి ద్వారా గానీ, క్లోనింగ్ ద్వారా గానీ పుట్టిన పిల్లను ఆ గ్రంథంలో చేర్చుకోరు. గుర్రం స్వయంగా దాటవలసిందే, తల్లి స్వయంగా మోయవలసిందే. చూడి కాలం పదకొండు నెలలు, ఈతకు ఒకటే పిల్ల. కాబట్టి ‘గెలవకపోయినా పిల్లల మీద ఆదాయం’ అనే మాట ఆడపిల్ల విషయంలో ఏడాదికి ఒక్క పిల్ల దగ్గర ఆగిపోతుంది. మగపిల్ల విషయంలో అది ఇంకా బలహీనం, ఎందుకంటే ఒక మేలైన విత్తనపు గుర్రమే ఏడాదికి వందకు పైగా ఆడగుర్రాలను దాటగలిగినప్పుడు, పందెంలో ఓడిన గుర్రం దగ్గరకు తన ఆడగుర్రాన్ని తోలుకువచ్చేవాడు ఉండడు. నిజానికి మగ పందెపు గుర్రాలలో చాలావాటికి మాట వినేందుకు, బరువు పెరగకుండా ఉండేందుకు విత్తులు తీయించేస్తారు. ఆ పని జరిగిన రోజునే సంతానపు లెక్క ముగిసిపోతుంది.

ఇక అసలైన మాట, అధిక ధర పలికిన పిల్ల తప్పక పరుగెడుతుందన్నది. దీని మీద కొంచెం నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే సందేశంలోని మిగతా ఆశలన్నీ దీని మీదనే కట్టినవి.

మన వైపు మామిడి తోటలను పూత మీద పాడుకోవడం అందరికీ తెలిసినదే. పాడుకునేవాడు పూత చూస్తాడు, మంచు పట్టిందా లేదా చూస్తాడు, అన్నిటికంటే ముఖ్యంగా ఆ చెట్టు నిరుడు, ముందటేడు ఎంత కాసిందో ఊళ్లో విచారిస్తాడు. ఏడాది పిల్ల వేలంలో ఆ మూడోది ఉండదు. ఆ పిల్ల వీపు మీద రౌతు ఇంకా ఎక్కలేదు, అది ఎన్నడూ పందెపు వేగంతో పరుగెత్తలేదు. పాటదారు చూడగలిగినది దాని నడక, కాళ్ల తీరు, తల్లిదండ్రుల పేర్లు మాత్రమే. కనుక అక్కడ పలికే ధర గుర్రం విలువ కాదు, ఆ నిమిషంలో పోటీపడుతున్న ఇద్దరు ధనవంతుల ఆశకు కొలత. మూడో మనిషి ఆ రోజు రాకపోయినా ధర పడిపోదు, ఇద్దరిలో ఒకడు రాకపోతే మాత్రం సగమైపోతుంది.

ఉదాహరణలు కావాలంటే అమెరికా వేలాలలోనే దొరుకుతాయి. కెంటకీ రాష్ట్రంలోని కీన్లండ్ వేలంలో 1983లో స్నాఫీ డాన్సర్ అనే పిల్ల ఒక కోటీ రెండు లక్షల డాలర్లు పలికింది, కోటి డాలర్లు దాటిన మొదటి ఏడాది పిల్ల అదే. సాధనలోనే వేగం లేదని తేలడంతో అది ఒక్క పందెంలోనూ దిగలేదు, సంతానానికి వదిలితే నాలుగు పిల్లలకు మించి పుట్టలేదు. రెండేళ్ల తర్వాత అదే వేలంలో సియాటిల్ డాన్సర్‌కు ఒక కోటీ 31 లక్షల డాలర్లు పెట్టారు, అది అయిదు పందేలలో దిగి రెండు గెలిచింది. దాని అన్న సియాటిల్ స్లూ సంగతి ఇంకా చిత్రమైనది. 1975లో పదిహేడున్నర వేల డాలర్లకే అమ్ముడుపోయిన ఆ గుర్రం 1977లో ట్రిపుల్ క్రౌన్‌ను, అంటే అమెరికాలోని మూడు పెద్ద పందేలను, ఓటమి లేకుండా గెలిచింది. అన్న ధరకు కొన్ని వందల రెట్లు పెట్టి తమ్ముణ్ణి కొన్నవారికి అన్న పరుగు దక్కలేదు. 2007లో తొమ్మిదిన్నర వేల డాలర్లకు అమ్ముడైన మైన్ దట్ బర్డ్ 2009లో కెంటకీ డెర్బీ గెలిచింది. దీన్ని చూపి ‘చౌక పిల్లే మేలు’ అని ఇంకొక సందేశం పుట్టించడానికీ వీల్లేదు, ఎందుకంటే 1998లో 40 లక్షల డాలర్లు పలికిన ఫుసాయిచి పెగసస్ కూడా 2000లో అదే డెర్బీ గెలిచింది. చెప్పదలచినది ఒక్కటే, వేలం నాటి ధర పందెం నాటి ఫలితానికి హామీ కాదు.

అన్నిటికంటే బోధపడే ఉదాహరణ గ్రీన్ మంకీ అనే గుర్రం. దానిని 2005లో ఇద్దరు వ్యాపారులు నాలుగు లక్షల 25 వేల డాలర్లకు కొన్నారు. మన సంతల్లో దూడలను కొని, మేపి, కోడెలుగా చేసి తిరిగి తోలే బేరగాళ్ల వంటివారు వాళ్లు, పిల్లను కొని, దిద్ది, కొన్ని నెలలకు మళ్లీ వేలానికి తెస్తారు. 2006 ఫిబ్రవరిలో ఫ్లోరిడా రాష్ట్రంలో జరిగిన వేలానికి ముందు, ఆ రెండేళ్ల గుర్రం ఒక ఫర్లాంగు (దాదాపు 200 మీటర్లు) దూరాన్ని 9.8 సెకండ్లలో పరుగెత్తి చూపింది. రెండు పెద్ద పక్షాల మధ్య పాట పెరిగి పెరిగి ఒక కోటీ 60 లక్షల డాలర్ల దగ్గర ఆగింది. తర్వాత అది మూడు పందేలలో దిగి, ఒక్కటీ గెలవక, మొత్తం మీద 10,440 డాలర్లు సంపాదించింది. సందేశం రాసినవారు ఇందులో ‘చూశారా, కొన్ని నెలల్లో అన్ని రెట్ల లాభం’ అని సగం కథే చెప్పవచ్చు. ఆ లాభం వచ్చినది సొంత ఫారం, సొంత రౌతులు ఉండి ఏటా ఎన్నో పిల్లల మీద పందెం కాసే వృత్తివారికి, అదీ కొన్నవారి అంచనా తప్పడం వల్ల. కొత్తపట్నం నుంచి ఒక పిల్లను పాడుకోవడానికి వెళ్లేవాడు ఆ కథలో అమ్మినవారి స్థానంలో ఉంటాడా, కొన్నవారి స్థానంలో ఉంటాడా అన్నది ఆలోచించుకోవాలి.

‘డెర్బీ గెలిచిన గుర్రానికి తమ్ముడు’ అనే మాటలోనూ ఒక మెలిక ఉన్నది. గుర్రాల లోకంలో అన్నదమ్ముల వరుస తల్లి వైపు నుంచే కలుపుతారు. తండ్రి ఒక్కటే అయినంత మాత్రాన తోబుట్టువు అనరు, అలా అంటే ఒకే ఏడాది పుట్టిన వందమందీ తోబుట్టువులే. అలవాటు లేని కొనుగోలుదారుకు తండ్రి వరుసను చూపి తమ్ముడని చెప్పడం తేలిక. నిజంగా ఒకే తల్లి పిల్లలైనా, వేలం కేటలాగులో పెద్ద పందేలు గెలిచిన బంధువుల పేర్లను లావుపాటి నల్లని అచ్చులో వేస్తారు, కన్ను అక్కడికే పోతుంది. ఆ తల్లికి పుట్టిన మిగతా పిల్లలు ఏమయ్యాయో మామూలు అచ్చులో, కొన్నిసార్లు మౌనంలో వెతుక్కోవలసి ఉంటుంది.

డాక్టరు పరీక్ష గురించి నా వృత్తి పక్షాన నేనే చెప్పాలి. కాళ్ల ఎక్స్‌రేలు తీస్తాం, గొంతులోకి గొట్టం పంపి స్వరపేటిక రెండు వైపులా సరిగా తెరుచుకుంటున్నదా చూస్తాం, ఎందుకంటే ఎడమవైపు నరం బలహీనపడిన గుర్రం పరుగులో గాలి అందక గురక పెడుతుంది. గుండె, కళ్లు, పళ్లు చూస్తాం. ఇవన్నీ ఆ రోజు ఉన్న స్థితిని మాత్రమే చెబుతాయి. ఏడాది పిల్ల మోకాలి పైభాగంలో ఎముక ఇంకా పెరుగుతూనే ఉంటుంది, ఆ ఎముక సాధన భారాన్ని మోస్తుందో లేదో ఏ ఫోటోలోనూ కనిపించదు. ఇంకొక చిన్న విషయం, మన దేశంలో గుర్రాలన్నిటికీ జనవరి 1నే వయసు పెరుగుతుంది, కనుక జనవరిలో పుట్టిన పిల్లా మే నెలలో పుట్టిన పిల్లా కాగితం మీద ఒకే వయసువి. వేలం రంగంలో నిండుగా కనిపించేది తరచు ముందు పుట్టినదే, మేలైనదే కానక్కరలేదు. (సుడులు చూసి కొనమని ఒక పెద్దాయన ఆ సందేశం కింద సలహా రాశారు. ఎద్దుల సుడుల మీద ఆయనకున్న నమ్మకాన్ని నేను కాదనను గానీ, గుర్రం గొంతు నరానికి సుడికి సంబంధం లేదు.)

పైగా వేలం షరతుల ప్రకారం సాధారణంగా పాట ముగిసి సుత్తి పడిన క్షణం నుంచి గుర్రం మంచిచెడ్డలు కొన్నవాడివే. ఒకప్పుడు ఇది తలకిందులుగా ఉండేది. సముద్రం మీద వచ్చే గుర్రాలను విజయనగర ప్రభువు నరసింహుడు బతికినా చచ్చినా కొనేవాడనీ, దారిలో చచ్చినవాటి తోక తెచ్చి చూపినా ధర ఇచ్చేవాడనీ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. అలాంటి ప్రభువు ఈనాటి ఏ వేలంలోనూ లేడు. అమ్మకందారు నిర్ణయించుకున్న కనీస ధర రాకపోతే పిల్లను వెనక్కు తోలుకుపోతారన్నది కూడా తెలుసుకోవాలి. సందేశంతో పాటు తిరుగుతున్న ‘పలికిన ధర’ ఫోటోలలో ఎన్ని నిజమైన అమ్మకాలో, ఎన్ని ఆగిపోయిన పాటలో చూసేవారికి తెలియదు.

రెండేళ్ల గడువు సంగతి లెక్క చూస్తే చాలు. ఏడాదిన్నర పిల్లను కొంటే మచ్చిక చేయడానికి, పరుగు నేర్పడానికి నెలలు పడతాయి. మన దేశపు పెద్ద పందెమైన ఇండియన్ డెర్బీ ముంబయి మహాలక్ష్మి పందెపు మైదానంలో ఫిబ్రవరిలో జరుగుతుంది, అందులో నాలుగేళ్ల గుర్రాలు పరుగెత్తుతాయి. అంటే సందేశం చెప్పిన రెండేళ్లు గడిచేనాటికి ఆ పిల్ల డెర్బీ వయసుకే రాదు. ఈలోగా ప్రతి నెలా శిక్షకుడి రుసుము, సయిసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) జీతం, లాడాలు, మందులు, దాణా ఉంటాయి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత ఊరకే పుట్టలేదు. మన పాకలో గేదెల పక్కన కట్టేసి ఉలవ గుగ్గిళ్లు పెట్టి పెంచవచ్చునన్న ఊహ కూడా నిలవదు. పందెంలో దిగవలసిన గుర్రం లైసెన్సున్న శిక్షకుడి చేతి కింద ఉండాలి, నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో పందెపు మైదానమే లేదు.

పన్ను తగ్గింపు మాట చదివిన ఆడిటరెవరైనా నవ్వుకుంటారు. ఆదాయపు పన్ను చట్టం పెట్టిన షరతు ప్రకారం, పందెపు గుర్రాల పోషణలో వచ్చిన నష్టాన్ని అదే పనిలో వచ్చిన ఆదాయంలోనే తగ్గించుకోవాలి, రొయ్యల మీదా వడ్ల వ్యాపారం మీదా వచ్చిన లాభంలో కాదు. నాలుగేళ్ల పాటు ముందుకు తీసుకుపోవచ్చు గానీ, ఆ నష్టాన్ని తగ్గించుకునే ఏడాది కూడా గుర్రాలను పోషిస్తూనే ఉండాలి. నష్టాన్ని వాడుకోవడానికి మరికొంత నష్టపడాలన్నమాట. సుప్రీంకోర్టు తీర్పు 1996 నాటిది, నిజమైనదే. గుర్రపు పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని అది చెప్పింది. గుర్రం కొన్నవాడు నష్టపోడని ఆ తీర్పులో ఎక్కడా లేదు.

ఇక ఆ 25 వేలు. వేలంలో పాడదలచినవారు కేటలాగు తెప్పించుకుని, షరతులు చదివి, తమ పేరున పాడతారు, మధ్యలో ముక్కూమొహం తెలియనివారి ఖాతాకు ముందుగా డబ్బు పంపవలసిన అవసరం లేదు. నలుగురు కలిసి వాటాలుగా కొనడం సక్రమమైన పద్ధతే. కానీ ప్రతి వాటాదారునూ పందేలు నడిపే టర్ఫ్ క్లబ్బు యజమానిగా ఆమోదించి, పేరు నమోదు చేసుకోవాలి. వాట్సాప్‌లో వచ్చిన రసీదు మీద ఎవరి పేరు ఉన్నా, గుర్రం గెలిచిన నాడు బహుమతి సొమ్మును క్లబ్బు జమచేసేది తన పుస్తకంలో పేరున్నవారి ఖాతాకే.