‘కళ్లు మూసుకుని టైటానియం కొనెయ్యండి’ అన్న సలహాకు జవాబు

సైక్లింగ్ గ్రూపుల్లో ఒక సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. దాని సారం ఇది: ‘డిస్క్ బ్రేకుల టైటానియం రోడ్ బైక్ ఒకటి కొంటే జీవితాంతం ఇంకోటి అక్కర్లేదు. ఆ లోహం విరగదు, తుప్పు పట్టదు. గతుకులను తనే మింగేస్తుంది. గ్రేడ్ 5 అయితేనే తీసుకోండి. వైర్లు, హోసులు (బ్రేకు నూనె గొట్టాలు) అన్నీ లోపలి నుంచే పోవాలి. డిస్క్ బ్రేకులకు మెయింటెనెన్స్ ఉండదు.’

లక్షలు పోసి కొనే వస్తువు ఇది. టైటానియం మంచి లోహమే, ఆ మాట కాదనడం లేదు. కానీ సైకిల్ మంచిచెడ్డలు తేల్చేది లోహం పేరు కాదు. గొట్టం కొలతలు, అతుకుల శుభ్రత, ఏ భాగానికి ఏ కొలత ఆర్డరులో రాయించుకున్నామన్నది తేలుస్తాయి. ఈ సందేశం వాటిలో ఒక్కదాన్నీ ప్రస్తావించదు.

‘విరగదు.’

విరుగుతుంది. 1970ల నడుమ అమెరికాలో వచ్చిన టెలిడైన్ టైటన్ ఫ్రేములను మిశ్రమం కాని స్వచ్ఛ టైటానియంతో చేశారు. అవి పగుళ్లకు పేరుపడ్డాయి. ఆ తర్వాతి దశకంలో మెర్లిన్, లైట్‌స్పీడ్ లాంటి తయారీదారులు విమానాల హైడ్రాలిక్ గొట్టాలకు వాడే మిశ్రమాన్ని తెచ్చాకే టైటానియం ఫ్రేము నిలదొక్కుకుంది. నున్నటి గొట్టానికి అలసట, అంటే పదే పదే పడే ఒత్తిడి, తట్టుకునే శక్తి చాలా ఎక్కువ, నిజమే. అయితే ఫ్రేము నున్నటి గొట్టం కాదు, అతుకులున్న గొట్టాల కూర్పు. బీట ఎక్కువగా అతుకు అంచునో, కోత అంచునో మొదలవుతుంది: బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు కూర్చునే చోటు) చుట్టూ, సీట్ ట్యూబ్ (సీటు కింది నిలువు గొట్టం) పైన కోసిన గాడి చివర, డిస్క్ బ్రేకు ఉన్న ఎడమ చెయిన్‌స్టే (వెనక చక్రానికి పోయే కింది గొట్టం) మీద.

అతుకు దగ్గర ఎందుకంటే, టైటానియం వేడెక్కినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను పీల్చుకుని పెళుసెక్కుతుంది. అందుకే అతికేటప్పుడు బయట ఆర్గాన్ వాయువు పట్టడంతో పాటు గొట్టం లోపల కూడా ఆర్గాన్ నింపాలి. అలా చేశారో లేదో రంగు చెబుతుంది. అతుకు చేప పొలుసుల వరుసలా సమంగా ఉండి, వెండి రంగులో గానీ లేత గడ్డి రంగులో గానీ ఉంటే మంచిది. నీలం అనుమానం. బూడిద రంగు, తెల్లటి పొడి అయితే ఆ ఫ్రేము వద్దు. బయటి రంగును బ్రష్ పట్టి చెరిపేయొచ్చు కాబట్టి, సీట్ పోస్టు (సీటును మోసే కడ్డీ) తీసి, టార్చి వేసి, సీట్ ట్యూబ్ అడుగున బాటమ్ బ్రాకెట్ కలిసే చోటు చూడండి. అక్కడికి ఏ బ్రష్షూ సులభంగా పోదు. సైకిల్ చేతికి రాకముందే ఆ ఫొటో అడిగినా తప్పులేదు. బాగా చేసినవాళ్లు సంతోషంగా పంపుతారు.

ఇక ‘జీవితాంతం’ వారంటీ సాధారణంగా మొదట కొన్నవారికే, తయారీ లోపాలకే వర్తిస్తుంది, ప్రమాదాలకు కాదు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు సాధారణంగా కార్బన్‌ది, దాని వారంటీ వేరు. ఫ్రేము అమెరికాలోని టెనెసీ నుంచి వచ్చినా, చైనాలోని బావోజీ నుంచి వచ్చినా, బీట పడితే పంపడానికీ తిరిగి తెప్పించడానికీ రవాణా, కస్టమ్స్ ఎవరు భరిస్తారో ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

‘తుప్పు పట్టదు.’

టైటానియం పట్టదు. దానికి ఆనుకుని ఉన్న అల్యూమినియం, ఇనుప భాగాలు పడతాయి, అదీ మామూలు కన్నా వేగంగా. రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే వాటిలో త్వరగా రసాయన చర్యకు లోనయ్యే లోహం తినుకుపోతుంది. టైటానియం ఫ్రేములో అల్యూమినియం సీట్ పోస్టు పెట్టి, విశాఖ సముద్రపు గాలిలో తిప్పినా, ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను నిలిపి తొక్కే స్టాండు) మీద చెమట కార్చినా, కొన్నాళ్లకు పోస్టును బిగించే క్లాంపు అంచున తెల్లటి పిండి కనిపిస్తుంది. అది అల్యూమినియం చిలుము. లోపల అది ఉబ్బి, పోస్టుకూ గొట్టానికీ ఉన్న సందునంతా నింపేస్తుంది. ఆ తర్వాత పోస్టు ఇటూ కదలదు, అటూ కదలదు. బలవంతంగా తిప్పితే పోయేది ఫ్రేమే.

అందుకని 27.2 మి.మీ. కార్బన్ పోస్టు రాయించుకోండి. టైటానియం పక్కన కార్బన్ ఇంత గొడవ చేయదు. దానికి గ్రీజు కాదు, కార్బన్ పేస్టు పూయాలి. అల్యూమినియం పోస్టే అయితే యాంటీ సీజ్ (లోహాలు పట్టేయకుండా పూసే పేస్టు) పూసి, 3 నెలలకోసారి తీసి తుడిచి మళ్లీ పూయాలి. బాటమ్ బ్రాకెట్ కప్పుల మరలకు, బాటిల్ కేజ్ బోల్టులకు కూడా అదే. టైటానియం మీద టైటానియం ఉన్నచోట ఇంకా జాగ్రత్త: పొడిగా బిగిస్తే రెండు ముఖాలూ గీసుకుని ఒకదాన్నొకటి పట్టేస్తాయి.

‘గతుకులను లోహమే మింగేస్తుంది.’

ఒకే కొలత గొట్టాలు తీసుకుంటే టైటానియం బిరుసు స్టీలులో సుమారు సగం, అల్యూమినియం కన్నా ఒకటిన్నర రెట్లు. ఈ సందేశానికి మూలం ఆ సగమే. కానీ పలుచటి గొట్టం బిరుసు దాని వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వ్యాసం 10 శాతం పెంచితే బిరుసు మూడోవంతు పెరుగుతుంది. కాబట్టి లావు గొట్టాల టైటానియం ఫ్రేము సన్న గొట్టాల స్టీలు ఫ్రేము కన్నా కరుకుగా ఉండొచ్చు. పైగా గతుకు మీద ఫ్రేము నిలువుగా వంగేది అతి తక్కువ, టైరు నొక్కుకునేది మిల్లీమీటర్లలో. 28 మి.మీ. టైరు 70 పీఎస్ఐ గాలి ఒత్తిడిలో నడిపే 70 కిలోల మనిషి 32 మి.మీ. టైరుకు మారి 55-60కి దించితే వచ్చే తేడా ఏ లోహమూ ఇవ్వదు. ఫ్రేములోనూ ఫోర్కులోనూ 32 మి.మీ. టైరు పోయి చుట్టూ ఖాళీ మిగలాలని రాయించండి. బ్రెవేలు (గడువులోగా ముగించాల్సిన దూరపు సవారీలు) తొక్కేవారికి, 600 కిలోమీటర్లకు 40 గంటలు జీను మీదుండేవారికి, గొట్టాల గ్రేడు కన్నా ఇదే ముఖ్యం.

‘గ్రేడ్ 5 అయితేనే.’

గ్రేడ్ అంటే టైటానియం మిశ్రమపు రకం. గ్రేడ్ 9లో 3 శాతం అల్యూమినియం, 2.5 శాతం వెనేడియం. గ్రేడ్ 5లో 6, 4. గ్రేడ్ 5 బలమైనదే, కానీ బిరుసులో రెంటికీ పెద్ద తేడా లేదు. గ్రేడ్ 5ను అతుకు లేని సన్నటి గొట్టంగా లాగడం కష్టం, గ్రేడ్ 9 సులభంగా లొంగుతుంది. అందుకే మంచి ఫ్రేముల్లో గొట్టాలు గ్రేడ్ 9, చెక్కి తీసే డ్రాపవుట్లు (వెనక ఇరుసు కూర్చునే ముక్కలు), బాటమ్ బ్రాకెట్ షెల్ లాంటివి గ్రేడ్ 5. ఆ కలయిక పొదుపు కోసం చేసిన రాజీ కాదు.

‘అన్నీ లోపలి నుంచే.’

చూపుకు అందంగా ఉంటుంది. అయితే హోసులు హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగుల కూర్పు) గుండా పోతే పై బేరింగు మార్చాలన్నా బ్రేకు హోసు విప్పి, మళ్లీ బ్లీడ్ చేయాల్సి (నూనెలోంచి గాలి బుడగలు తీయాల్సి) వస్తుంది. వాన, చెమట ముందు చేరేది ఆ బేరింగుకే. నేరైన 44 మి.మీ. హెడ్ ట్యూబ్ (ఫ్రేము ముందు పొట్టి గొట్టం) పెట్టి, హోసును డౌన్ ట్యూబ్ (అక్కడి నుంచి పెడళ్ల వైపు వాలే గొట్టం) పైభాగంలో లోపలికి పంపితే అందమూ మిగులుతుంది, పనీ తగ్గుతుంది. గేర్లు వైరున్నవో, వైర్‌లెస్సో ఫ్రేము అతకక ముందే తేల్చండి: ప్రతి రంధ్రం చుట్టూ ఒత్తిడి పోగవుతుంది కాబట్టి దాన్ని తయారీలోనే పటిష్ఠం చేయాలి. తర్వాత డ్రిల్లు పెడితే వారంటీ కూడా పోతుంది. బాటమ్ బ్రాకెట్‌కు మరలతో బిగించే 68 మి.మీ. బీఎస్ఏ రకం చాలు, 30 మి.మీ. ఇరుసున్న క్రాంకుకు (పెడళ్ల చేతులకు) మరలదే టీ47 రకం. మరలు లేకుండా నొక్కి ఎక్కించే ప్రెస్‌ఫిట్ వద్దు. వెల్డింగ్ వేడికి షెల్ గుండ్రదనం కాస్త తప్పినా, తొక్కినప్పుడల్లా కిర్రుమంటుంది.

‘డిస్క్ బ్రేకులకు మెయింటెనెన్స్ ఉండదు.’

ఉంటుంది, ఆ పని ఫ్రేము దగ్గరే మొదలవుతుంది. క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) కూర్చునే ఫ్లాట్ మౌంట్ ముఖాలను వెల్డింగ్ అయ్యాక సమంగా చెక్కించాలి. వేడికి అవి వంగి ఉంటే రోటర్ (బ్రేకు డిస్కు) రాసుకుంటూనే ఉంటుంది, ఎన్నిసార్లు సర్దినా సర్దుకోదు. ఇరుసులు ముందు 12×100, వెనక 12×142. మర పిచ్ (మర చుట్ల మధ్య దూరం) ఎంతో అడిగి రాసుకోండి, దారిలో ఇరుసు పోతే ఆ అంకె లేకుండా మారు దొరకదు. వెనక క్యాలిపర్ బోల్టు పొడవు చెయిన్‌స్టే మౌంట్ మందాన్ని బట్టి మారుతుంది: షిమానో కంపెనీ బ్రేకుల్లో 20 మి.మీ. మందానికి 33 మి.మీ. బోల్టు, 25కి 38. బిగింపు 6-8 న్యూటన్ మీటర్లు.

షిమానో బ్రేకుల్లో మినరల్ ఆయిల్, స్రామ్ కంపెనీ రోడ్ బ్రేకుల్లో చాలావాటికి డాట్ అనే బ్రేకు ద్రవం. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే సీళ్లు పాడవుతాయి. డాట్ తేమ పీలుస్తుంది, దాన్ని ఏడాదికోసారి మార్చాలి. ప్యాడ్ పదార్థం 0.5 మి.మీ.కు, షిమానో రోటర్ 1.5 మి.మీ.కు అరిగితే మార్చాల్సిందే. చెయిన్‌కు స్ప్రే కొట్టేటప్పుడు వెనక రోటర్‌ను గుడ్డతో కప్పండి. తుంపర పడిందంటే ప్యాడ్లు నూనె పీల్చుకుని అరుస్తాయి, బ్రేకు పట్టదు.

కొత్త ప్యాడ్లను 30 కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగం దాకా, చక్రం బిగుసుకుపోకుండా, ఒక్కో బ్రేకుతో 20 సార్లు నెమ్మదింపజేసి రోటర్‌కు అలవాటు చేయాలి. అది చేయకుండా మొదటి ఆదివారమే అనంతగిరి ఘాట్ దిగితే ప్యాడ్ పైపొర కాలి గాజులా మెరుస్తుంది. అప్పుడు ఎమరీ పేపరుతో ఆ పొర తీసి, మళ్లీ మొదటి నుంచి అలవాటు చేయాలి.