కాపీ ఉందిలే అంటే అయిపోతుందా?

"ఏటుంది అన్నియ్యా, నా టూలు ఎలా వాడాలో రెండు పేజీలు డాక్యుమెంటేషన్ రాసీ" అన్నాడు మా తమ్ముడు వరసవాడు. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర టీ తాగుతూ సరేనన్నాను. అదీ నా ఖర్మ.

ఏఐ ఏజెంట్, అంటే చెప్పిన పని కంప్యూటర్లో తనే చేసుకుపోయే ఏఐ, ఫైలు మార్చేముందు పాత కాపీ దాచే టూలు అది. ఎక్కడ దాస్తుందిరా? "ఏదో ఫోల్డర్లో." ఎన్నాళ్లుంచుతుంది? "డిస్కు నిండేదాకా." ఇవి రాస్తే ఎవడైనా వాడతాడా?

నాలుగో రోజుకి అసలు సంగతి బయటపడింది. ఏజెంట్ తన ఎడిటర్‌తో మార్చిన ఫైళ్లకే కాపీ. టెర్మినల్లో ఆర్ఎమ్ అనే చెరిపే కమాండ్ కొట్టి తుడిచేస్తే కాపీ లేదు, గీపీ లేదు. పైగా చోటు ఆదా అని కొన్నిటికి హార్డ్ లింకులు పెట్టాడు. హార్డ్ లింకంటే అదే ఫైలుకి ఇంకో పేరు బాబూ! ఉన్నచోటే తిరగరాస్తే రెండూ మారిపోతాయి. ఒకే మనిషిని ఇంట్లో చిన్నా అనీ బడిలో అప్పలనాయుడనీ పిలిస్తే ఇద్దరైపోతారా? దాన్ని కాపీ అని ఎలా రాయను?

ఫైళ్ల పాత రూపాలు దాచడానికి 2005 నుంచి గిట్ ఉంది కదా అంటారు కొందరు. గిట్‌కి అప్పజెప్పని ఫైలుని అది మాత్రం ఎక్కణ్నుంచి తెస్తుంది?

ఇప్పుడు డాక్యుమెంటేషన్ మనుషులకన్నా ముందు ఏజెంటే చదువుతోంది, అదింకో తలనొప్పి. "అన్నీ వెనక్కి తెచ్చుకోవచ్చు" అని ఒక్క ముక్క ధీమాగా రాశాను. ఏజెంట్ అది చదువుకుని, శుభ్రం చేస్తున్నానంటూ నా చిత్తుప్రతుల ఫోల్డరే ఊడ్చేసింది.

ఫోన్ చేస్తే వాడేమన్నాడో తెలుసా? "అదీ ఓ లైను రాసీ అన్నియ్యా."