సవరణ: హంబన్‌తోట బాకీ చెల్లిపోలేదు

"శ్రీలంక 2017లో హంబన్‌తోట ఓడరేవును చైనాకు రాసిచ్చి బాకీ చెల్లు చేసుకుంది" అని, శ్రీలంకలో చైనా పలుకుబడి పెరగడం గురించిన పోస్టులో మొన్న రాశాను. అది తప్పు. నిన్న తిరుపతి బాలాజీ కాలనీలో టీ తాగుతుండగా, గ్రూప్స్‌కు చదువుతున్న మా తమ్ముడు గ్లాసు బల్ల మీద పెట్టి మరీ, "బాకీ ఎక్కడికీ పోలేదన్నా" అన్నాడు. ఒప్పందం వివరాలు, శ్రీలంక ప్రభుత్వ రుణాల లెక్కలు చూశాను. వాడి మాటే నిజం. రేవును అమ్మలేదు, 99 ఏళ్ల లీజుకిచ్చారు. చైనా సంస్థ చెల్లించిన సుమారు 112 కోట్ల డాలర్లు విదేశీ మారక నిల్వలకు చేరాయి. రేవు కట్టడానికి చైనా ఎగ్జిమ్ బ్యాంకు ఇచ్చిన అప్పు మాత్రం శ్రీలంక ఖజానా నెత్తినే ఉండిపోయింది.

చైనా పలుకుబడి పెరగలేదని కాదు. భారత్ అభ్యంతరం చెప్పినా 2022 ఆగస్టులో ఉపగ్రహాలను, క్షిపణులను గమనించే చైనా నౌక యువాన్ వాంగ్-5 ఆ రేవులోనే ఆగింది. అందుకే మిగతా పోస్టు అలాగే ఉంచి, ఆ వాక్యం ఒక్కటే మార్చాను.