ఫ్రిజ్ తలుపులోని సగం సీసా గారికి

శ్రీయుత కళ్ళ చుక్కల సీసా గారికి,
ఫ్రిజ్ తలుపు, రెండో అర,
అల్లం వెల్లుల్లి డబ్బా వెనక,
నల్లగొండ.

అయ్యా,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, ఒక్క గటుక తప్ప. గటుక ఎవరో మీకు తెలియనిది కాదు. మా అమ్మాయి పెంచుకుంటున్న గినీ పిగ్. జొన్న గటుక రంగులో ఉంటుందని మా అమ్మే ఆ పేరు పెట్టింది. పేరులో పిగ్ ఉన్న పాపానికి మా గల్లీలో కొన్నాళ్ళు "వీళ్ళింట్లో పందిని పెంచుతున్నరంట" అని చెప్పుకున్నారు. అది పందీ కాదు, దాని పుట్టిల్లు గినీ దేశమూ కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల దగ్గరి జీవి. ఎక్కడి ఆండీస్, ఎక్కడి నల్లగొండ, మధ్యలో మీరు.

మీరు మా ఇంట్లో అడుగుపెట్టిన కథ చెబుతాను, మరిచిపోయి ఉంటారు. 2023 జనవరిలో కంటి వెలుగు, అదే సర్కారు వారి ఉచిత కంటి పరీక్షలు, రెండో విడత మొదలైంది. మా వార్డులో క్యాంపు పెట్టినప్పుడు అమ్మకు కుడికంట్లో శుక్లం ముదిరిందని చెప్పారు. ఎండాకాలంలో ఆపరేషన్ చేయించాం. అప్పుడు రాసిన మందుల్లో మీరొకరు. రోజుకు ఎన్నిసార్లు వేయాలో, ఎన్ని వారాలు వేయాలో చీటీ మీద రాసి మరీ ఇచ్చారు. వారాలు గడిచాయి, చీటీ పోయింది, అమ్మకు చూపు వచ్చింది. మీరు మాత్రం సగం మిగిలారు. మిగిలిన మందును పారేయడం మా ఇంటా వంటా లేదు.

మూత తీసిన నెల రోజులకు మీ ఉద్యోగం అయిపోవాలి. ఆ సంగతి మీ పెట్టె మీదే రాసి ఉంటుంది, కానీ పెట్టెను మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టుకు కత్తిరించుకుంది. దాంతో మీకు అడ్డు లేకుండా పోయింది. రిటైరైన ఆఫీసర్లను సలహాదారులుగా పెట్టుకున్నట్టు మేం మిమ్మల్ని పెట్టుకున్నాం. ఆ వానాకాలం కండ్లకలక ఊరూరా తిరిగినప్పుడు మా బావకు మీరే, పిల్లలకు మీరే, పాలు పోసే అతనికీ మీరే. మీ ముక్కు ఎంతమంది రెప్పలకు తగిలిందో లెక్కలేదు. కండ్లకలక చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. తగ్గింది. పేరు మీకొచ్చింది.

ఇక గటుక విషయానికి వస్తాను.

గినీ పిగ్‌కు కడుపు ఎప్పుడూ ఆడుతూ ఉండాలి. పగలూ రాత్రీ ఎండుగడ్డి నములుతూనే ఉంటుంది. వాటికి మంచిదని చెప్పే సీమ గడ్డి ఆన్‌లైన్లో తెప్పించాలి, ఆ ధర పెడితే మా ఊళ్ళో బర్రెకే మేత వస్తుంది. మాకా తిప్పర్తి దగ్గర పొలం ఉంది. కోతలు అయ్యాక వరిగడ్డి కట్ట ఒకటి కారు డిక్కీలో వేసుకొచ్చాను. ఏం తెలివి అని నన్ను నేనే మెచ్చుకున్నాను. వరిగడ్డి గరుకు. మిషన్ కోసిన పోచ చివర ఈటెలా ఉంటుంది. గినీ పిగ్ కళ్ళేమో పక్కలకు, మిరియాల్లా ఉబ్బి ఉంటాయి. చుట్టుపక్కల దాదాపు అంతా కనిపిస్తుంది గానీ సరిగ్గా ముక్కు ముందున్నది కనిపించదు. అలాంటిది గడ్డిలోకి తలదూర్చి దూసుకుపోవడం దానికి ఆట.

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, గటుక రెండు కాళ్ళ మీద లేచి ఈల వేస్తుంది. తలుపు తీస్తే కొత్తిమీర వస్తుందని దాని లెక్క. ఆ రోజు పొద్దున తలుపు తీశాను, ఈల లేదు. "డాడీ, గటుక మూలకే ఉంది" అంది మా అమ్మాయి. వెళ్ళి చూస్తే ఎడమ కన్ను సగం మూసుకుంది, కింద వెంట్రుకలు తడిసి అతుక్కున్నాయి. ఇక్కడ నేనొక పొరపాటు చేశాను, దాన్ని మీ మీదికి తోయను. గినీ పిగ్‌లు కళ్ళలోంచి పాలలాంటి నీళ్ళు కార్చి, వాటితో మొహం కడుక్కుంటాయి. అది మామూలే. ఇదీ అదే అనుకున్నాను. కానీ ఆ పాలనీళ్ళు కాసేపట్లో పోతాయి, కన్ను మూసుకోదు. ఈ తేడా నాకు తట్టేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి నల్లగుడ్డు మీద మీగడ చుక్క పడ్డట్టు తెల్లగా కనిపించింది.

ఇక సలహాలు మొదలయ్యాయి. పక్కింటి పెద్దమ్మ చనుబాలు వేయమంది, ఎవరివో చెప్పలేదు. ఎదురింటి రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు తేనె అన్నారు. బావ హైదరాబాద్ నుంచి వీడియో పంపాడు, అందులో ఒకాయన కుక్క కంట్లో పసుపు నీళ్ళు పోస్తున్నాడు. మెడికల్ షాపు తమ్ముడైతే బేరం లేకుండా అమాక్సిసిలిన్ సిరప్ చేతిలో పెట్టి "చిన్న పిల్లల డోసే అన్నా" అన్నాడు. చివరికి అమ్మ తీర్పు చెప్పింది. "ఏందిరా గంత పరేషాను? నా కండ్ల మందు ఫ్రిజ్‌ల లేదా? రెండు సుక్కలెయ్యి."

వేశాను.

మీ ప్రతిభను తక్కువ చేసి చెప్పను. సాయంత్రానికి ఎరుపు తగ్గింది. అమ్మ నావైపు గర్వంగా చూసింది. నేను మీ మూతను గట్టిగా బిగించి, గౌరవంగా మీ స్థానంలో పెట్టాను. మీలో ఉన్నది స్టెరాయిడ్ అని, మీ పని వాపునూ ఎరుపునూ అణచడమని అప్పుడు నాకు తెలియదు. ఆపరేషన్ చేసిన కంట్లో, డాక్టరు కనిపెట్టుకుని ఉండగా, అది అవసరమైన పనే. గీసుకుపోయిన కంట్లో అదే పని చేస్తే దొంగలు పడ్డ ఇంట్లో కుక్క మూతి కట్టేసినట్టు. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, లోపల మూటలు కడుతుంటారు. పుండు మానదు, క్రిములు లోతుకు దిగుతాయి. అందులోనూ గడ్డి గీసిన పుండైతే బూజు క్రిములు పట్టే భయం ఎక్కువ. వాటికి స్టెరాయిడ్ అంటే పెళ్ళిభోజనమే.

మర్నాటికి గుడ్డంతా నీలంగా మబ్బు పట్టింది.

దాన్ని బత్తాయిల అట్టపెట్టెలో పెట్టుకుని పశువుల దవాఖానకు పోయాను. నా ముందు ఒక దూడ, నట్టల మందుకు వచ్చిన గొర్లు. నా వంతు వచ్చాక డాక్టరు గారు పెట్టెలోకి తొంగి చూసి నవ్వలేదు, అందుకు ఆయనకు దండం. "ఇప్పటిదాక ఏమేశిండ్రు?" అని అడిగారు. నేను జేబులోంచి మిమ్మల్ని తీశాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని మీ ఒంటి మీది అక్షరాలు చదివి, "ఇది అమ్మకు రాసింది గదా, దీనికెట్లేసిండ్రు?" అన్నారు. మాట పెంచలేదు. పరీక్షకు కావలసిన కాగితం తన దగ్గర లేదని, చిన్న జంతువులు చూసే డాక్టరు దగ్గరికి హైదరాబాద్ తీసుకుపొమ్మని, ఈలోగా మిమ్మల్ని ముట్టుకోవద్దని చెప్పారు.

నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్. దాదాపు వంద కిలోమీటర్లు పెట్టెలో చప్పుడు లేదు. నాకు మాత్రం మా చిన్నాయన గుర్తొస్తూనే ఉన్నాడు. నేను పదో తరగతిలో ఉండగా, వడ్లు తూర్పార పట్టేటప్పుడు ఆయన కంట్లో నూగు పడింది. బజారులో ఎవరో ఇచ్చిన చుక్కలు వేసుకున్నాడు. మొదట ఎరుపు తగ్గింది. తరువాత కంట్లో పువ్వేసింది. ఇప్పటికీ ఆ కంటికి దీపం వెలుగే తెలుస్తుంది, మనిషి తెలియడు. పండక్కి వస్తే మనం ఏ పక్కన కూర్చున్నామో చూసుకుని మెడ తిప్పుతాడు. ఆ మెడ తిప్పడం ముప్పై ఏళ్ళుగా చూస్తున్నవాణ్ణి నేను. మిమ్మల్ని ఫ్రిజ్‌లోంచి తీసినవాణ్ణీ నేనే.

అక్కడి డాక్టరమ్మ నారింజ రంగు కొస ఉన్న సన్న కాగితాన్ని సెలైన్‌తో తడిపి కంటికి తాకించింది. నీళ్ళతో కడిగి, గదిలో లైటు తీసేసి, నీలం లైటు వేసింది. గటుక కంటి మీద చిన్న కొడవలి ఆకారంలో పచ్చటి గీత మెరిసింది. పైచర్మం లేచిన చోటే ఆ రంగు నిలుస్తుందట. రెప్ప మెల్లగా మడిచి చూస్తే కింద గోరంచంత ఊక ముక్క. రెండు రోజులుగా అది అక్కడే గీరుతూ ఉంది, పైన మేము మిమ్మల్ని పోస్తూ ఉన్నాం. డాక్టరమ్మ స్టెరాయిడ్ లేని యాంటీబయాటిక్ చుక్కలు రాసింది, నొప్పికి బరువు చూసి లెక్కగట్టిన మందు ఇచ్చింది. అమాక్సిసిలిన్ సిరప్ సంగతి చెబితే పెన్ను కింద పెట్టేసింది. పెన్సిలిన్ జాతి మందు నోట్లోకి పోతే గినీ పిగ్ పేగుల్లోని మంచి క్రిములు చచ్చి ప్రాణానికే ముప్పట. తమ్ముడి సిరప్ ఇంకా మూత తీయకుండానే ఉంది, మా అదృష్టం.

తరువాతి పది రోజులు ఇంట్లో కంటి మీద కునుకు లేదు, ఈ మాట ఊరికే అనడం లేదు. నాలుగు గంటలకోసారి అలారం. తువ్వాలులో చుట్టి, సీసా దానికి కనబడకుండా తల వెనక నుంచి చేయి తెచ్చి, రెప్పకు తగలకుండా ఒక చుక్క. సీసా ముక్కు రెప్పకు తగలకూడదని నాకు ఈ వయసులో తెలిసింది. నొప్పికి తిండి మానేస్తే కన్ను కన్నా ముందు కడుపు ఆగిపోతుందని హెచ్చరించారు కాబట్టి, గుళికల మేత నానబెట్టి సూది లేని సిరంజితో పెట్టాం. ఉల్లిగడ్డలు తూచే కాటా మీద రోజూ పొద్దున గటుక. 910 గ్రాములు ఉండాల్సింది 850 దాకా పడిపోయింది. అమ్మ ఆ అంకెను గోడ క్యాలెండర్ మీద, పాల లెక్క పక్కన రాసింది. మనలాగే వాటికీ ఒంట్లో విటమిన్ సి తయారు కాదు, పుండు మానడానికి అది కావాలి. బత్తాయిల జిల్లాలో ఉండి దానికి కరువా అని ఎదురింటి హెడ్‌మాస్టరు గారు ఒక సంచి పంపారు. పులుపు ఎక్కువైతే నోరు పూస్తుందని దానికి క్యాప్సికం ముక్కలు పెట్టి, బత్తాయిలు మేం తిన్నాం.

మళ్ళీ నీలం లైటు కింద చూసినప్పుడు పచ్చదనం లేదు. పొగమంచు లాంటి చిన్న మచ్చ మిగిలింది, చూపు ఉంది. వరిగడ్డి ఇప్పుడు దులిపి, గట్టి కాడలు ఏరి పారేశాకే లోపలికి పోతుంది. దాంతోపాటు కడిగిన గరిక కూడా.

మిమ్మల్ని ఇప్పటికి రెండుసార్లు చెత్తబుట్టలో వేశాను. రెండుసార్లూ మీరు అదే అరలో, అదే డబ్బా వెనక, శుభ్రంగా తుడిచి నిలబెట్టి కనిపించారు. "ఇంక సగమున్నది, పైసలు పెట్టి కొన్నది" అంటుంది అమ్మ. అందుకే ఈ ఉత్తరం. మీ అంతట మీరే తప్పుకుంటారేమోనని ఆశ.

ఇప్పుడే వంటింట్లో ఫ్రిజ్ తలుపు చప్పుడైంది. గటుక లేచి ఈల వేస్తోంది. అమ్మాయి స్కూల్లో ఉంది, నేనిక్కడ రాస్తున్నాను. తీసింది అమ్మ. పొద్దటి నుంచి ఎడమ కన్ను దురద పెడుతోందని అంటూ ఉంది.

ఉంటాను, తొందర పని పడింది.

ఇట్లు,
గటుక వాళ్ళ డాడీ