ఇంటర్లాకెన్ గురించి తిరుగుతున్న ఆ ఫార్వర్డ్

ఎండాకాలం సెలవులు దగ్గరపడితే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ మళ్లీ మొదలవుతుంది. "1928లో ఓ కోటీశ్వరుడు అమెరికాలోని మిషిగన్ అడవిలో ఇంటర్లాకెన్ అనే కళల స్కూలు కట్టించాడు. అక్కడ పోటీల్లేవు, పిల్లలు ఇష్టమొచ్చినట్టు వాయించుకుంటారు. ప్రభుత్వం వాళ్ల రేడియో కార్యక్రమాన్ని నిషేధించింది. గూగుల్ పెట్టిన లారీ పేజ్ హైస్కూలు చదువు అక్కడే." మిషిగన్ నిజం, 1928 నిజం. మిగతాది చూద్దాం.

కోటీశ్వరుడి సంగతి ముందు. మొదలుపెట్టిన జోసెఫ్ మ్యాడీ సంగీతం మాస్టారు. అంతకుముందు మినియాపొలిస్ సింఫనీ ఆర్కెస్ట్రాలో వాయించినవాడు. 1926లో అమెరికా నలుమూలల హైస్కూళ్ల నుంచి రెండు వందల మందికి పైగా పిల్లల్ని డెట్రాయిట్‌లో పోగుచేసి, కొద్ది రోజుల రిహార్సల్‌తో సంగీతం టీచర్ల మహాసభలో కచేరీ చేయించాడు. మరుసటి ఏడు డల్లాస్‌లో ఇంకోటి. ఆ నాలుగు రోజులు చాలవని, వేసవంతా కలిసి వాయించే చోటు కోసం వెతికాడు. రెండు చెరువుల మధ్య హోటల్ నడిపే విల్లిస్ పెన్నింగ్టన్ స్థలం ఇస్తానన్నాడు. సరస్సుల నడుమ అనే అర్థంలో ఆ ఊరికి అప్పటికే ఉన్న పేరే ఇంటర్లాకెన్. తోటి సంగీతం మాస్టారు గిడ్డింగ్స్‌తో కలిసి మ్యాడీ అప్పుచేసి క్యాంపు తెరిచాడు. మొదటి వేసవికి వచ్చింది 115 మంది. అప్పు తీరకముందే మహామాంద్యం వచ్చిపడింది. కోటీశ్వరుడే ఉంటే ఇన్ని తిప్పలెందుకు?

స్కూలు అన్నది ఇంకా పెద్ద పొరపాటు. 1928లో పెట్టింది వేసవి క్యాంపు మాత్రమే, అదీ ఆర్కెస్ట్రా కోసం. నాటకం, డాన్సు, చిత్రకళ తర్వాత వచ్చి చేరాయి. ఏడాది పొడవునా నడిచే బోర్డింగ్ స్కూలు 1962లో మొదలైంది. అంటే మధ్యలో 34 ఏళ్లు! ఆ తర్వాత నాలుగేళ్లకే, 1966లో, మ్యాడీ పోయాడు.

పోటీల్లేవన్న మాట విని అక్కడ ఒక్క వేసవి గడిపినవాళ్లెవరైనా నవ్వుతారు. దశాబ్దాల పాటు అక్కడ వారంవారం "ఛాలెంజ్" అని ఒకటి జరిగేది. ఆర్కెస్ట్రాలో బాగా వాయించేవాళ్లకు ముందు కుర్చీలు. ఒకే బిట్‌ను పక్కపక్క కుర్చీల వాళ్లిద్దరూ వాయించాలి. ఎవరిది బాగుందో తోటి పిల్లలే ఓటేయాలి. ఓడితే ఆ క్షణమే లేచి కుర్చీ మారాలి. ఆ టెన్షన్ పదమూడేళ్ల పిల్లలకు మంచిదా అన్నది వేరే చర్చ, నా మటుకు నాకు అనుమానమే. దాన్ని "ఇష్టమొచ్చినట్టు" అనడం మాత్రం కుదరదు.

రేడియో కథను ఈ మెసేజ్ పూర్తిగా తిరగేసింది. క్యాంపు కచేరీలు ఎన్‌బీసీ అనే అమెరికన్ రేడియో నెట్‌వర్క్‌లో వచ్చేవి. 1942లో వాటిని ఆపించింది ప్రభుత్వం కాదు, సంగీత కళాకారుల కార్మిక సంఘం అధ్యక్షుడు జేమ్స్ పెట్రిల్లో. పిల్లలు డబ్బు తీసుకోకుండా వాయిస్తుంటే, దాని మీదే బతికే మా వాళ్ల గతేమిటన్నది ఆయన వాదన. ఆ భయం ఉత్తినే పుట్టలేదు. టాకీలు రాగానే మూకీ సినిమాలకు హాళ్లలో వాయించే వేలమంది రోడ్డున పడ్డారు. అదే ఏడు ఆగస్టులో ఆయన తన సంఘం కళాకారుల రికార్డింగులు కూడా ఆపించాడు. కానీ వేసవి క్యాంపు పిల్లల మీద పడటం జనానికి మింగుడుపడలేదు. మ్యాడీ ఊరుకోకుండా బహిరంగంగా పోరాడాడు, సంఘం ఆయన్ని వెలివేసింది. చివరికి 1946లో అమెరికన్ కాంగ్రెస్ లీ చట్టం తెచ్చింది. లాభాపేక్ష లేని విద్యా కార్యక్రమాలను ప్రసారం చేయొద్దని రేడియో స్టేషన్ల మీద ఒత్తిడి తేవడం దాంతో నేరమైంది. 1947లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని చెప్పింది. నిషేధించిందని మెసేజ్ నిందిస్తున్న ప్రభుత్వమే పిల్లల పక్షాన చట్టం చేసిందన్నమాట.

ఇక లారీ పేజ్. ఆయన ఇంటర్లాకెన్‌కు వెళ్లిన మాట నిజమే, శాక్సోఫోన్ పట్టుకుని, రెండు వేసవుల క్యాంపుకి. హైస్కూలు మాత్రం ఈస్ట్ లాన్సింగ్‌లో చదివాడు, అక్కడి మామూలు ప్రభుత్వ స్కూల్లో.