జెండాలో చుక్కలు లెక్కపెట్టి దీవులు చెప్పకండి

మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే గులాబీల గుడ్ మార్నింగులు అయ్యాక వచ్చేది బాబాయి పంపే జనరల్ నాలెడ్జి. మొన్న ‘ద్వీప దేశాల జెండాల రహస్యం’ వచ్చింది. నెత్తిన ‘చాలాసార్లు ఫార్వర్డ్ అయింది’ అన్న జంట బాణాల గుర్తు. రెండు రోజుల్లో అదే మెసేజ్ అపార్ట్‌మెంటు గ్రూపులో చూశాను. తర్వాత గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్న మా మేనకోడలు తన కోచింగ్ గ్రూపులో వచ్చిందని నాకే పంపింది. అక్కడికి ఇక ఊరుకోలేకపోయాను.

మెసేజ్ చెప్పేది క్లుప్తంగా ఇదీ: ఉష్ణమండల దీవుల జెండాలన్నిటికీ ఒకటే సూత్రం. నీలం సముద్రం, పసుపు సూర్యుడు, ఆకుపచ్చ కొబ్బరిచెట్లు, ఎరుపు అమరవీరుల రక్తం. ఎన్ని నక్షత్రాలుంటే అన్ని దీవులు. బార్బడోస్ జెండా మీదున్నది శివుడి త్రిశూలం. మారిషస్ నాలుగు రంగులూ నాలుగు మతాలు. ఈ అర్థాలన్నీ ఆయా దేశాల రాజ్యాంగాల్లో రాసి ఉన్నాయి, ఎప్పటికీ మారవు. చివర మామూలే, పదిమందికి పంపండి.

ముందు నీలం సంగతి. ఇందులో సగం నిజముంది, అందుకే మిగతాదంతా నమ్మబుద్ధేస్తుంది. మారిషస్ జెండాలో నీలం హిందూ మహాసముద్రమే. నౌరు జెండాలో నీలం పసిఫిక్. బహామాస్ జెండాలో ఆ లేత నీలం అక్కడి నీళ్ల రంగే. కానీ పలావ్ దగ్గర సూత్రం తప్పుతుంది. ఆ జెండాలో నేపథ్యమంతా నీలమే, అయినా అది సముద్రం కాదు. స్పెయిన్, జర్మనీ, జపాన్, అమెరికా ఒకరి తర్వాత ఒకరు ఏలిన దేశం పలావ్. పరాయి పాలన పోయి సొంత పాలన వచ్చిందనడానికి గుర్తు ఆ నీలం అని వాళ్లు చెప్పుకుంటారు. ట్రినిడాడ్ అండ్ టొబాగో ఇంకా తమాషా. 1962 నాటి వాళ్ల జెండాలో ఎరుపు, నలుపు, తెలుపు తప్ప మరో రంగు లేదు. అయినా సముద్రం ఉంది. తెలుపే సముద్రం! సూర్యుడూ ఉన్నాడు, ఎరుపులో. ఇక మాల్దీవులు చూడండి. సుమారు 1,200 పగడపు దీవులు, మ్యాపులో నేల కనబడాలంటే కళ్లు చికిలించాలి. అలాంటి దేశం జెండాలో నీలం చుక్కైనా లేదు. ఎర్ర గుడ్డ, మధ్యలో ఆకుపచ్చ, దాని మీద తెల్లని నెలవంక, అంతే. జమైకా అయితే నీలమే కాదు, ఎరుపూ తెలుపూ కూడా పక్కన పెట్టింది. ఈ మూడింటిలో ఒక్కటీ లేని జాతీయ జెండా ఇవాళ ప్రపంచం మొత్తం మీద అదొక్కటే.

పసుపు అంటే సూర్యుడట. మళ్లీ పలావ్‌కే వెళ్దాం. నీలం మీద పసుపు పచ్చని గుండ్రం. చూసిన ఎవరైనా సూర్యుడే అనుకుంటారు. జపాన్ జెండాకి రంగులు మార్చారని అనుమానించేవాళ్లూ ఉన్నారు. అది పున్నమి చంద్రుడు. చేపలు పట్టడానికి, పంట కోయడానికి, చెట్లు కొట్టడానికి, పడవలు చెక్కడానికి, పండగలకి పున్నమి రోజులే మంచివని పలావ్ వాళ్ల నమ్మకం. ఆటుపోట్లు చూసుకుని వలకి వెళ్లే మన కోస్తా మత్స్యకారులకి ఇందులో పెద్దగా వివరించాల్సింది ఉండదు. ఇంకో చిన్న సంగతి: ఈసారి ఆ జెండా బొమ్మని దగ్గరగా చూడండి. చంద్రుడు సరిగ్గా మధ్యలో ఉండడు, కర్ర వైపుకి కాస్త జరిగి ఉంటాడు. జెండా ఎగిరేటప్పుడు మధ్యలో ఉన్నట్టు కనబడాలని అలా పెట్టారు. బంగ్లాదేశ్ జెండాలో ఎర్ర గుండ్రానిదీ ఇదే ఏర్పాటు.

బార్బడోస్‌లో పసుపు సముద్రపు ఒడ్డున ఉండే ఇసుక. నౌరులో అయితే అడ్డంగా ఉన్న సన్నటి పసుపు గీత భూమధ్యరేఖ! దాని కింద ఒక తెల్లని నక్షత్రం. భూమధ్యరేఖకి కాస్త దక్షిణాన మేమున్నాం అని జెండా మీదే అడ్రస్ రాసుకున్నారన్నమాట. నన్నడిగితే ఈ దీవుల జెండాలన్నిటిలో ఇంత తక్కువ గీతలతో ఇంత మాట చెప్పింది మరొకటి లేదు.

ఆకుపచ్చ మీద ఎక్కువ మాట్లాడను. ఫిజీ జెండాలో ఉన్న డాలు మీద కొబ్బరిచెట్టు నిజంగానే ఉంది. దాంతోపాటు చెరకు గడలు, అరటి గెల కూడా ఉన్నాయి. ఆ చెరకు నరికినవాళ్లలో 1903 నుంచి మద్రాసులో ఓడెక్కి గిరిమిట్ (కూలీ ఒప్పందం) మీద వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. కొమొరోస్‌లో మాత్రం ఆకుపచ్చ అంటే ఇస్లాం. కొబ్బరిచెట్టుకి దాంతో సంబంధం లేదు.

నక్షత్రాల లెక్క దగ్గర ఆగాలి, ఎందుకంటే పరీక్షలో బిట్ ప్రశ్నగా వచ్చేది ఇదే. కేప్ వెర్డెకి పది నక్షత్రాలు, పది దీవులు. సావోటోమే అండ్ ప్రిన్సిపేకి రెండు నక్షత్రాలు, రెండు దీవులు. ఇక్కడ ఫార్వర్డ్‌కి మార్కులు వేద్దాం. ఇప్పుడు డొమినికా. ఉన్నది ఒకే దీవి, జెండాలో నక్షత్రాలు పది. అవి పది పారిష్‌లు, అంటే మన మండలాల్లాంటివి. గ్రెనడా ఏడు నక్షత్రాలూ అలాంటివే. మైక్రోనేషియాలో 600 దీవులు పైమాటే, నక్షత్రాలు నాలుగు: యాప్, చూక్, పోన్‌పే, కోస్రే అనే నాలుగు రాష్ట్రాలు. సోలమన్ దీవులు తొమ్మిది వందలకు పైనే, నక్షత్రాలు ఐదు. సమోవా, పాపువా న్యూ గినీ జెండాల్లో ఉన్నవి దక్షిణాది ఆకాశంలో రాత్రిపూట కనబడే సదరన్ క్రాస్ చుక్కలు. వాటికి దీవులతో పనే లేదు. నౌరు నక్షత్రం ఒక్కటే, దానికి పన్నెండు మొనలు, పన్నెండు తెగలకి. కిరిబాస్ జెండాలో నక్షత్రమే లేదు. దీవుల లెక్క అక్కడ సూర్యకిరణాల్లో ఉంది: పదిహేడు కిరణాలు, గిల్బర్ట్ దీవులు పదహారు, పక్కన బనాబా ఒకటి.

ఫిలిప్పీన్స్‌లో ఏడు వేల పైచిలుకు దీవులు, నక్షత్రాలు మూడు. ఆ మూడూ ఏవో 1898 స్వాతంత్ర్య ప్రకటనలోనే చెప్పారు: లుజాన్, మిండనావో, పనాయ్. అదే ప్రకటన ఎరుపు, తెలుపు, నీలం ఎందుకో కూడా చెబుతుంది. నిస్వార్థంగా ఆదుకున్నందుకు కృతజ్ఞతగా అమెరికా జెండా రంగులు తీసుకున్నామంది. అది జూన్‌లో. డిసెంబరుకల్లా పారిస్‌లో ఒప్పందం కుదిరింది, స్పెయిన్‌కి రెండు కోట్ల డాలర్లిచ్చి అమెరికా ఫిలిప్పీన్స్‌ని తీసేసుకుంది. రంగులు మాత్రం అలాగే ఉండిపోయాయి.

టువాలు కథ వింటే ఈ లెక్క ఎంత జారుడో తెలుస్తుంది. ఆ దేశం పేరుకి ‘కలిసి నిలబడ్డ ఎనిమిది’ అని అర్థం. ఉన్న దీవులు తొమ్మిది. తొమ్మిదోదైన నియులకిటాలో ఒకప్పుడు మనుషులు స్థిరంగా ఉండేవారు కాదు, అందుకని పేరులో దానికి చోటు దక్కలేదు. 1978లో జెండా మీద తొమ్మిది నక్షత్రాలు పెట్టారు. 1995లో పేరుకి తగ్గట్టు ఒకటి తీసేసి ఎనిమిది చేశారు. మరుసటి ఏడాది బ్రిటిష్ జెండా ముక్క లేకుండా కొత్త జెండానే తెచ్చారు. ప్రభుత్వం మారాక 1997లో పాత జెండా తొమ్మిది చుక్కలతో తిరిగొచ్చింది. ఈ రెండేళ్లలో ఏ దీవీ మునగలేదు, కొత్తగా తేలనూ లేదు.

కొమొరోస్‌కి వస్తే నాలుగు నక్షత్రాలు నాలుగు దీవులకే. అయితే సూత్రం సరిపోయిందిగా అంటారేమో. నాలుగోదైన మయోట్ 1974 ఓటింగులో ఫ్రాన్స్‌తోనే ఉంటానంది. మిగతా మూడూ 1975లో స్వతంత్రమయ్యాయి. 2011లో మయోట్ ఫ్రాన్స్‌లో పూర్తి స్థాయి డిపార్ట్‌మెంట్, అంటే మన జిల్లాలాంటిది, అయింది, అక్కడ నడిచేది యూరో. కొమొరోస్ మాత్రం అది మాదే అంటుంది, చుక్క తియ్యదు. అంటే ఆ నాలుగో నక్షత్రం ఉన్న దీవిని లెక్కపెట్టడం లేదు, రావాల్సిన దీవిని అడుగుతోంది.

ఎరుపు అమరవీరుల రక్తం అన్నది మాల్దీవుల విషయంలో దాదాపు సరే. వనువాటు ఎరుపులో మనుషుల రక్తంతోపాటు అడవిపందుల రక్తం కూడా ఉంది. అక్కడ పంది అంటే హోదా, సంపద. జెండా మీద సున్నాలా చుట్టుకున్నది దాని కోరే. టోంగా జెండాలో ఎర్ర శిలువ క్రీస్తు రక్తం. టోంగా ఏనాడూ పూర్తిగా ఎవరి వలసా కాలేదు కాబట్టి స్వాతంత్ర్య సమరం అనే మాటే అక్కడ అతకదు.

ఇక త్రిశూలం. ఇది మనవాళ్ల కోసం ప్రత్యేకంగా చేర్చిన మసాలా అని నా అనుమానం. బార్బడోస్ పాత వలస ముద్ర మీద బ్రిటిష్ రాజ్యాధికారానికి గుర్తుగా త్రిశూలం ఉండేది. అది గ్రీకు, రోమన్ కథల్లోని సముద్ర దేవుడి ఆయుధం. 1966లో స్వతంత్రమైనప్పుడు జెండా కోసం పోటీ పెడితే వెయ్యికి పైగా ఎంట్రీలొచ్చాయి. గ్రాంట్లీ ప్రెస్కాడ్ గీసింది గెలిచింది. ఆయన త్రిశూలాన్ని ఉంచాడు కానీ కర్ర విరిచేశాడు. బొమ్మ చూడండి, తల, కింద కాస్త మొండెం, అంతే. వలస పాలనతో తెగతెంపులైందనడమే ఆ విరుపు. మూడు మొనలకి ప్రజల కొరకు, ప్రజల చేత, ప్రజల యొక్క ప్రభుత్వం అని వివరణ ఇచ్చారు. బాబాయికి ఇది చెబితే “విరిగిన త్రిశూలం ఇంట్లోనే పెట్టుకోం కదరా, శివుడిదెలా అవుతుందిలే” అని తనే తేల్చేశారు. నా పది పేరాల కంటే అదే గట్టి వాదన.

మారిషస్ మాట మనకి దగ్గరది. కోరంగి రేవు నుంచి వెళ్లిన కూలీల వల్ల అక్కడ తెలుగువాళ్లకి ‘కోరింగీలు’ అనే పేరే పడిపోయింది. ఇవాళ్టికీ ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1968 మార్చి 12న పోర్ట్ లూయీలోని షాన్ ద మార్స్ మైదానంలో ఎగిరిన జెండాలో ఎరుపు స్వాతంత్ర్య పోరాటం, నీలం సముద్రం, పసుపు స్వాతంత్ర్యపు వెలుగు, ఆకుపచ్చ ఏడాది పొడుగునా పచ్చగా ఉండే పొలాలు. మతం ఊసే లేదు. ఒక్కో చారనీ ఒక్కో మతానికి రాసివ్వడం ఫార్వర్డ్ రాసినవారి సొంత పంపకం.

విచిత్రం ఏమిటంటే, చారలు నిజంగా జనవర్గాలకే ఉన్న ద్వీప దేశం మన పక్కనే ఉంది, ఫార్వర్డ్ దాన్ని వదిలేసింది. శ్రీలంక జెండాలో కర్ర వైపు ఆకుపచ్చ చార ముస్లింలకి, కాషాయ చార తమిళులకి. కత్తి పట్టిన సింహం క్యాండీ రాజ్యం జెండాది. ఆ రాజ్యపు చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ నాయక వంశస్థుడు, ఆ వంశం మూలాలు తెలుగువే. 1815లో బ్రిటిష్‌వాళ్లు ఆయన్ని దించి వేలూరు కోటకి పంపారు, జెండాని లండన్‌కి పట్టుకుపోయారు. అది తర్వాత చెల్సీలోని సైనికుల ఆశ్రమంలో దొరికింది. నాలుగు మూలలా ఉన్న రావి ఆకులు 1972లో వచ్చాయి. అంటే ఈ జెండా కూడా మారుతూ వచ్చిందే.

దాంతో చివరి ముక్క: అర్థాలు మారవట. జెండా మార్చకూడదని 1875 రాజ్యాంగంలోనే రాసుకున్నది టోంగా. ఆ ఒక్క ఉదాహరణ పట్టుకుని అందరికీ అంటగడితే ఎలా? జమైకా రంగులకి 1962లో చెప్పిన అర్థం దాదాపు ఇది: కష్టాలున్నా నేల పచ్చగా ఉంది, సూర్యుడు వెలుగుతున్నాడు. అందులో నలుపే కష్టాలు. ఎక్కువమంది నల్లజాతి జనమే ఉన్న దేశంలో నలుపుకి ఆ అర్థం ఏమిటని ఇబ్బంది పడి 1996లో మార్చారు. ఇప్పుడు నలుపు ప్రజల బలం, సృజన. గుడ్డ అదే, అర్థం వేరు. మనకిది కొత్తేమీ కాదు. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీకి ఇచ్చిన జెండా రంగుల్ని మతాల లెక్కనే చదివేవారు. రంగులకి మతాలతో సంబంధం లేదని కాంగ్రెస్ 1931లో తీర్మానం చేసింది. సీషెల్స్ అయితే 1976, 1977, 1996 అని ఇరవై ఏళ్లలో మూడు జెండాలు చూసింది. మూడోదాంట్లో రెండు ప్రధాన పార్టీల రంగుల్నీ కలిపేశారు.

వనువాటు జెండాలో పందికోర లోపల రెండు ఆకు రెమ్మలు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. ఓపిక ఉంటే బొమ్మ పెద్దది చేసి చిట్టి ఆకులు లెక్కపెట్టండి, ముప్పై తొమ్మిది వస్తాయి. 1980లో వాళ్ల పార్లమెంటు సభ్యులు అంతమంది. ఇప్పుడు సభ్యులు 52. ఆకులు ఇంకా 39.