లెక్కపెట్టే మనిషి లెక్కలో లేరు

సిజేరియన్ అయిన తల్లి కడుపులో గుడ్డ మిగిలిపోయిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఒకటే తంతు. ఆసుపత్రి ముందు బంధువుల ధర్నా, విచారణ కమిటీ, ఇద్దరు ముగ్గురికి మెమోలు. వారం తిరక్కుండానే అంతా సద్దుమణుగుతుంది. డాక్టరును తిట్టేవాళ్లు తిడతారు, వెనకేసుకొచ్చేవాళ్లు వెనకేసుకొస్తారు. ఆ పూట ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో మాప్‌లు, అంటే రక్తం అద్దే గుడ్డలు, లెక్కపెట్టింది ఎవరు? వారు ఏం చదివారు, ఎన్ని గంటలుగా నిలబడే ఉన్నారు? ఈ సంగతి అధికారుల నోట వినపడదు.

ప్రసూతి ఓటీలో ఆపరేషన్ టెక్నీషియన్ చేసే పని బయటివాళ్లకు తెలియదు. నొప్పులతో వణికిపోతున్న తల్లికి వెన్నులో మత్తుసూది వేసేటప్పుడు భుజాలు పట్టుకుని ‘గడ్డం కిందికి వంచు తల్లీ, కదలకు’ అని ధైర్యం చెప్పేది వారే. ఆమెను పడుకోబెట్టి కుడి తుంటి కింద చిన్న దిండు పెడతారు. ఒళ్లు కాస్త ఎడమకు ఒరగకపోతే నిండు గర్భసంచి పెద్ద రక్తనాళాన్ని నొక్కేసి బీపీ పడిపోతుంది. పనిముట్లను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ నుంచి వచ్చిన డ్రమ్ము తెరిచే ముందు, వేడి తగిలిందని చెప్పే టేపు మీద నల్లచారలు తేలాయో లేదో చూడాలి. రక్తం పీల్చే సక్షన్ యంత్రం పనిచేయాలి, బిడ్డకు వార్మర్ వేడెక్కి ఉండాలి. అర్ధరాత్రి అత్యవసర కేసు వస్తే ఇదంతా నిమిషాల్లో జరగాలి.

ఆ తర్వాత లెక్క. కోత పెట్టకముందు ఒకసారి, గర్భసంచి కుట్టేముందు, పొట్ట మూసేముందు, చివరగా చర్మం కుట్టేటప్పుడు. మాప్‌లు, సూదులు, ఫోర్సెప్స్ అన్నీ ఇద్దరు మనుషులు పైకి చెబుతూ లెక్కపెట్టాలి. రక్తంలో నానిన మాప్ పేగుల మధ్య పేగులాగే ఉంటుంది. కంటికి దొరకదు, లెక్కకే దొరుకుతుంది. లెక్క చూడాల్సింది సర్జన్‌కు పనిముట్లు అందించే స్క్రబ్ నర్సేనని పుస్తకం చెబుతుంది. నర్సులు చాలని రాత్రి ఆ పని టెక్నీషియన్ మీద పడుతుంది. టెక్నీషియన్ కూడా లేనిచోట, చూసి నేర్చుకున్న వార్డుబాయ్ చేతికి వెళుతుంది. మమ్మల్ని భయపెడుతున్నది ఇదే.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన 19 అంశాల సర్జికల్ చెక్‌లిస్టులో ఈ లెక్క కూడా ఉంది. ఢిల్లీ సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో ఆ పట్టికను పాటించి చూస్తే ఆపరేషన్ల తర్వాత మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. పట్టిక గోడకు అంటిస్తే రాని ఫలితం అది. చదివి, అర్థం చేసుకుని, ‘ఆగండి సార్, ఒక మాప్ తక్కువుంది’ అని సర్జన్‌తో అనగలిగే మనిషి ఉంటేనే వస్తుంది. ఏజెన్సీ ఎప్పుడు తీసేస్తుందో తెలియక, నెలల తరబడి జీతం అందక పనిచేసే అవుట్‌సోర్సింగ్ ఉద్యోగికి ఆ గొంతు ఎక్కడి నుంచి వస్తుంది?

సిజేరియన్ల లెక్క మాత్రం మన దగ్గర పక్కాగా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో కాన్పుల్లో సిజేరియన్లు 21.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. దేశం మొత్తంలో ఎక్కువగా పొట్ట కోసే చోట, ఆ ఓటీలో నిలబడే మనిషి అర్హత గురించి ఇంత ఉదాసీనతా? 2017లో కేంద్రం తెచ్చిన ‘లక్ష్య’ పథకం కింద ప్రసూతి ఓటీలకు నాణ్యత సర్టిఫికెట్లు ఇస్తున్నారు. గదికి సర్టిఫికెట్ అడుగుతున్నవారు గదిలోని మనిషికి ఎందుకు అడగరు?

చట్టం లేక కాదు. ఓటీ టెక్నాలజిస్టులను కూడా చేరుస్తూ 2021లోనే పార్లమెంటు జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం చేసింది. ఈ వృత్తులవారిని రిజిస్టర్ చేసే కౌన్సిళ్లు రాష్ట్రాలు ఆరు నెలల్లో పెట్టాలంది. మూడేళ్లయినా కదలిక లేకపోతే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు మందలించి, అక్టోబరు 12లోగా అమలుచేయమని గడువు పెట్టింది. కోర్టు చెబితే తప్ప తల్లుల ప్రాణాలు గుర్తుకు రావా?

అర్హులే ఉండాలని పట్టుబడితే చిన్న ఊళ్లలో ఓటీలు మూతపడతాయని కొందరు అధికారులు, నర్సింగ్‌హోమ్ యజమానులు అంటున్నారు. డిప్లొమాలు, డిగ్రీలు చేసిన పిల్లలు ఉద్యోగాల్లేక తిరుగుతుంటే ఆ మాట నిలవదు.

2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకేరోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. ఇన్‌ఫెక్షనే కారణమన్నారు. పనిముట్లు శుద్ధిచేసే చేతులను పట్టించుకోకపోతే ఏమవుతుందో అప్పుడే తెలిసింది. తెలిసి కూడా ఖాళీలు అలాగే ఉంచి, తాత్కాలికం పేరుతో ఏళ్లు నెట్టుకొస్తూ అదే ఆనవాయితీ చేసేశారు.

రెండు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులూ ఇంకో కమిటీ వేయకండి. మీ కింద ఉన్న ప్రతి ప్రసూతి ఓటీలో ఈ రాత్రి మాప్‌లు లెక్కపెట్టేది ఎవరో, వారి రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటో రేపు పొద్దున్నకల్లా తెప్పించుకోండి. పేరు లేని చోట, నంబరు లేని చోట రేపు ఏదైనా జరిగితే కింది ఉద్యోగిని సస్పెండ్ చేసి చేతులు దులుపుకుంటామంటే కుదరదు. ఆ మెమో మీ పేరు మీదే రావాలి.